అక్బర్ బీ కుట్టిన ఎడమ బ్యాగు

శనివారం ఉదయం పదిన్నర ప్రాంతంలో, మెట్టుగూడ చౌరస్తా దాటిన కాసేపటికి, సైకిలు తొక్కుతున్న నవత ఎడమకాలి బూటు ఆమెను వదిలి రోడ్డు పక్కనున్న జామకాయల బండి మీదికి వెళ్ళింది. వెళ్ళి సరిగ్గా తూకం మీద పడింది. ఆ సమయానికి తూకం ఖాళీగా ఉంది కనుక ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఎర్ర అంకెలు కాసేపు తడబడి మూడువందల తొంభై దగ్గర నిలబడ్డాయి. బండి మనిషి అంకెలను చూశాడు, బూటును చూశాడు, సైకిలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడిన నవతను చూశాడు. బూటు తీసి ఇచ్చాడు. జామకాయలు కావాలా అని అడిగాడు. ఆమె వద్దంది. అంతటితో ఆ విషయం ముగిసింది.

బూటు వెళ్ళిపోవడానికి కారణం అంతకు గంట ముందే చిలకలగూడలో తగిలించుకున్న కొత్త బ్యాగులు. దూరప్రయాణాలు చేసే సైకిళ్ళకు వెనక చక్రానికి ఇటొకటి అటొకటి వేలాడే బ్యాగులు ఉంటాయి. పెడల్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ మడమ కూడా వెనక్కి వస్తుంది. అక్కడ బ్యాగు ఉంటే తగులుతుంది. నవతకు ఎడమ మడమ తగులుతూనే ఉంది. కొత్త సామాను కదా, మొదట్లో చప్పుడు చేస్తుందిలే అనుకుంది. చౌరస్తా దాటాక బూటు వెనక అంచు బ్యాగు మూలకు చిక్కుకుంది. కాలు ముందుకు వచ్చింది, బూటు రాలేదు. తిరిగొచ్చిన పెడల్ దాన్ని ఎగరేసింది.

ఇందులో నవత పాదాల పాత్ర కూడా ఉంది. ఆమెకు నలభై ఒకటో ఏడు, పొడగరి, ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. పాదాలు మగవాళ్ళ తొమ్మిదో నంబరు. దుకాణాల్లో దొరికే బ్యాగులు రెండు మూడు రకాలు తగిలించి చూసింది. అన్నీ మడమకు తగిలాయి. అందుకే చిలకలగూడలో కాన్వాసు పని చేసే అక్బర్ బీ దగ్గర ప్రత్యేకంగా కుట్టించుకుంది.

మామూలు శనివారమైతే ఆమె బూటు తొడుక్కుని, నవ్వుకుని, మరో రోజు చూసుకునేది. ఆ శనివారం సాయంత్రం ఆరు గంటలకు పరేడ్ గ్రౌండ్ గేటు బయట తనిఖీ ఉంది. మర్నాడు తెల్లవారుజామున పద్నాలుగు సైకిళ్ళు అక్కణ్ణుంచి బందరు సముద్రానికి బయల్దేరుతాయి. నడిపించేది డేవిడ్ రాజు అనే రిటైర్డు హవల్దారు. ఆయన చూసి సరే అన్న సైకిలే కదులుతుంది. ఎవరి సామాను వాళ్ళే మోసుకోవాలి, వెనక వ్యాను రాదు.

నిరుడు నవత గోనెసంచిని తాడుతో క్యారియర్‌కు కట్టుకుని తనిఖీకి వెళ్ళింది. డేవిడ్ రాజు ఆ ముడులను చూశాడు. పదమూడు మంది ముందు, ఇది సైకిలు యాత్ర, ఇల్లు మారడం కాదు, వచ్చే ఏడు సరైన బ్యాగులతో రమ్మన్నాడు. అదీ కుదరకపోతే మూడోసారి పేరు రాసుకోనని కూడా అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ వాళ్ళమ్మ ఊర్మిళ అప్పటికే మెట్టుగూడలోని వాళ్ళ అపార్ట్‌మెంటులో మూడు అంతస్తులకూ తన కూతురు సైకిలు మీద సముద్రానికి పోతోందని చెప్పేసింది. తిరిగి ఇంటికి వెళ్ళే మొహం లేక నవత మౌలాలీలోని మేనత్త ఇంటికి వెళ్ళింది. ఐదు రోజులు మేడ మీద కూర్చుని ఎండకు కమిలింది. ఆరో రోజు సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చింది. సముద్రం ఎట్లుండె అని మెట్ల మీద ఎవరో అడిగితే, ఏం చెప్పాలో తోచక, ఉప్పగుండె అంది. అందరికీ ఆ జవాబు తెగ నచ్చింది. ఏడాదిగా ఏ పేరంటానికి వెళ్ళినా ఆమెను కూర్చోబెట్టి సముద్రం సంగతులు చెప్పమంటున్నారు. నవత ఇంతవరకూ సముద్రం చూడలేదు. ఆ ఒక్క మాటను నిజం చేసుకోవడానికి ఆమెకు మిగిలింది ఈ ఒక్క యాత్ర. అసలు సంగతి వాళ్ళమ్మకు, మేనత్తకు, కొలతలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నోరు జారి చెప్పేయడం వల్ల అక్బర్ బీకి తెలుసు.

నవత సైకిలు నడిపించుకుంటూ చిలకలగూడకు తిరిగి చేరేసరికి పదకొండు దాటింది.

అక్బర్ బీ దుకాణానికి బోర్డు లేదు. గుమ్మానికి పక్కబట్టలు చుట్టుకునే పాత హోల్డాల్ ఒకటి వేలాడుతుంది, అదే గుర్తు. ఆమెది భువనగిరి పక్క పల్లె. పదిహేడేళ్ళకు అల్లాఉద్దీన్‌ను పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. అల్లాఉద్దీన్ మిలిటరీ వాళ్ళకు ట్రంకుపెట్టెల కవర్లు, హోల్డాళ్ళు కుట్టేవాడు. కొలతలు తీసుకోవడం, సలాం కొట్టడం, చాయ్ తెప్పించడం ఆయన పని. కత్తెర, మిషను మాత్రం మొదటి ఏడాది నుంచే ఆమె చేతిలోకి వచ్చాయి. సైనికుడికి బదిలీ కాగితం వస్తే రెండు రోజుల్లో రైలు ఉంటుంది. రైలు టైముకు పని ముగించడం ఆమెకు అలా అలవాటైంది.

ఆయన నేర్పిన పద్ధతి ఒకటుంది. మిలిటరీలో సామానంతా వరసగా పరిచి చూస్తారు, తేడాగా ఉన్నదే అధికారి కంట్లో పడుతుంది. అందుకని జత కుట్టాల్సి వస్తే, గుడ్డను మడవకుండా ఒకదాని మీద ఒకటి పరిచి ఒకే కత్తెరతో కోయాలి. మొదటిది పూర్తిచేసి ఎదురుగా పెట్టుకుని, రెండోదాన్ని దాన్నే చూస్తూ కుట్టాలి. అయ్యాక అల్లాఉద్దీన్ కళ్ళు మూసుకుని రెంటి కుట్లనూ బొటనవేలితో తడిమేవాడు. ఏది మొదటిదో ఏది రెండోదో వేలికి తెలిసిపోయిందంటే రెండోది విప్పాల్సిందే. ఆయన పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఆమే కళ్ళు మూసుకుని తడుముకుంటుంది. మా ఇంట్లో ఆమె కుట్టిన ట్రంకు కవర్లు రెండున్నాయి. ఇరవై ఏళ్ళుగా ఏది ఏ పెట్టెదో తెలియక మార్చి మార్చి తొడుగుతున్నాం, పెట్టెలు ఒక్కసారి కూడా అభ్యంతరం చెప్పలేదు.

గల్లీలో అందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని. కత్తిరింపు చాప మీదికి చెప్పులతో ఎవరినీ రానివ్వదు. నవత ఆ కంగారులో కూడా గుమ్మం దగ్గర బూట్లు విప్పింది. బ్యాగులు తగులుతున్నాయని, బూటు ఎగిరి తూకంలో పడిందని, సాయంత్రం ఆరింటికి తనిఖీ అని ఒకే ఊపిరిలో చెప్పేసింది.

అక్బర్ బీ బూటు ఎంత తూగిందో అడగలేదు. తగులుతున్నాయన్న మాట దగ్గరే ఆగిపోయింది.

“నా చేతులకెల్లి పోయిన సామాను ముప్పై ఐదేండ్ల సంది వాపస్ రాలే బిడ్డా,” అంది మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉండుంటే నవతకు కాస్త నయంగా ఉండేది.

బ్యాగులు రెండూ విప్పించి చాప మీద ఒకదాని మీద ఒకటి పెట్టింది. పసుపుపచ్చ టార్పాలిన్, రెండు వరసల కుట్టు, అంచులకు నల్ల నవారు. చక్రం వైపు ముఖానికి, లోపల గట్టిదనం కోసం నీళ్ళడ్రమ్ము కోసి తీసిన ప్లాస్టిక్ పలక. ఆ పలక మీదుగా ఆరు రివిట్లతో కొక్కేలు. బయటి ముఖానికి జేబు. పైన మూతి చుట్టి బకిల్ వేసుకోవాలి. మడమకు దారి వదలడానికి ముందువైపు కింది మూల ఏటవాలుగా కోసి ఉంది. ఒకదాని మీద ఇంకొకటి పరుపు మీద పరుపులా కూర్చుంది. ఆమె బొటనవేలితో చుట్టూ తడిమి, చూసుకో అన్నట్టు నవత వైపు చూసింది. నూలుపోగంత తేడా లేదు.

గోడకు నవత ఇచ్చిన బొమ్మ కాగితం ఇంకా గుచ్చి ఉంది. సైకిలును అందరూ గొలుసు కనిపించే కుడివైపు నుంచే గీస్తారు, నవత కూడా అలాగే గీసింది. వెనక చక్రం పక్కన ఒక బ్యాగు, ఏటవాలు మూల దగ్గర బాణం గుర్తు, దాని పక్కన ‘మడమ’ అనే మాట. కింద పెద్ద అక్షరాలతో, ఇలాంటివి రెండు. అక్బర్ బీ అలాంటివే రెండు కుట్టింది. బొమ్మను చూస్తూ ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు, బొమ్మలో తప్పేమీ కనబడలేదు.

పక్క దుకాణం సైకిల్ మిస్త్రీ తాజుద్దీన్‌ది. సైకిలుకు ఆ క్యారియర్ బిగించింది ఆయనే. ఆయనకు మాత్రం అక్బర్ బీ ఆపా, అంటే అక్క. ముప్పై ఏళ్ళుగా పాలక్యాన్లకు, బ్రెడ్డు పెట్టెలకు, గ్యాసుబండలకు క్యారియర్లు కట్టిన మనిషి. పిలవకుండానే వచ్చాడు. అక్బర్ బీ సామాను వాపసు రావడం చూడాలని ఆయనకు ఎన్నాళ్ళుగానో కోరిక. అయితే ఆమె మొహం చూశాక, తెచ్చుకున్న ఎత్తిపొడుపును నోట్లోనే ఉంచుకున్నాడు.

మొదట బ్యాగును వెనక్కి జరిపాడు. కొక్కేలు క్యారియర్ కమ్మీ మీద రెండు వేళ్ళంత జరిగి ఆగిపోయాయి. నవత ఎక్కి గల్లీ చివరిదాకా వెళ్ళొచ్చింది. టప్, టప్ అని అందరికీ వినిపించింది. ఇంకా జరపాలంటే అడ్డుకమ్మీ కోయాలి. కోసినా బరువంతా చక్రం ఇరుసుకు వెనకపడి, సైకిలు తోక ఊపుతూ పోతుందని ఆయనే చెప్పాడు. తర్వాత, పాదం ముందుభాగంతో కాకుండా మధ్యభాగంతో తొక్కమన్నాడు. ఈ ఊళ్ళో పాలవాళ్ళంతా అలాగే తొక్కారట, ఎవరి మడమా ఏ క్యానుకూ తగల్లేదట. నవత అలా కూడా వెళ్ళొచ్చింది. చప్పుడు ఆగింది కానీ బూటు ముందుభాగం మలుపులో ముందు చక్రానికి తగిలింది. తొమ్మిదో నంబరు పాదానికి ఎటో ఒకవైపు చోటు కావాలి మరి.

జుహర్ నమాజు పిలుపు వినిపించింది. ఒంటిగంట కావస్తోంది.

తాజుద్దీన్ దగ్గర ఇంకో ఉపాయం మిగిలింది. “ఆపా, పరేషాన్ గాకు. మడమకు తగిలే మూల సుత కోసెయ్. రెండు దిక్కుల ఏటవాలు ఉంటే ఏమాయె?”

అది నిజంగానే తేలిక పని. అక్బర్ బీ బ్యాగును పరిచి సుద్దముక్కతో గీత గీసింది. గీశాక తెలిసింది, అలా కోస్తే బ్యాగు అడుగు పడవలా సన్నబడుతుంది, మూడోవంతు జాగా పోతుంది. నవత నిద్రసంచి అందులో పట్టదు. నిద్రసంచిని మళ్ళీ తాడుతో పైన కట్టుకోవాలి. తాడు అనే మాట వినగానే నవత గోడకు ఆనుకుని కూలబడింది. అయినా వేరే దారి లేదు, కోసెయ్యి ఖాలా అంది.

అక్బర్ బీ కత్తెర తెరిచింది. ఒకసారి కోస్తే టార్పాలిన్ మళ్ళీ అతకదు, నీళ్ళు దిగుతాయి. ఆ రంగు గుడ్డలో చేతిరుమాలంత ముక్క కూడా మిగల్లేదు. కత్తెర నోట్లోకి గుడ్డ వెళ్ళింది. ఆమె మాత్రం వేళ్ళు బిగించలేదు. గుమ్మం వైపు చూస్తోంది.

గుమ్మం దగ్గర నవత బూట్లు పక్కపక్కన ఉన్నాయి.

ఆమె కత్తెర కింద పెట్టి లేచింది. బూట్లు రెండూ తెచ్చి చాప మీద కూర్చుంది. చాప మీదికి బూట్లు రావడం చూసి తాజుద్దీన్ వెనక్కి జరిగాడు, ముప్పై ఏళ్ళలో అటువంటిది ఆయన చూడలేదు. ఆమె ఒక బూటు అడుగును ఇంకో బూటు అడుగుకు ఆనించి పట్టుకుంది. దండం పెట్టే చేతుల్లా కలిశాయి. బూట్లు పక్కన పెట్టి, బ్యాగులను అదే తీరుగా, కొక్కేల వైపు కొక్కేల వైపుకు ఆనించి నిలబెట్టింది. ఒకదాని ఏటవాలు మూల ముందుకు ఉంది. ఇంకోదాని ఏటవాలు మూల వెనక్కి పోయింది.

“నేను రెండు కుడికాళ్ళకు కుట్టిన బిడ్డా,” అంది.

 తాజుద్దీన్ దగ్గినట్టు చేసి బయటికి వెళ్ళాడు. గోడ అవతల ఆయన నవ్వు చాలాసేపు వినిపించింది. అక్బర్ బీ ఆ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా చూసి, నవ్వుడు అయినంక రివిట్లు కొట్టే సుత్తి పట్టుకొని రమ్మని గోడ మీదుగా కేకేసింది.

బొమ్మలో ఒకవైపే గీసి రెండు అని రాసిన తప్పు తనదేనని నవత అంది. అక్బర్ బీ ఆ మాట విననట్టే ఉంది. కుట్టింది ఎవరు అనేదే ఆమెకు లెక్క.

ఇక చేయాల్సింది స్పష్టమైంది. ఎడమ బ్యాగుకు ముఖాలు మార్చాలి. చక్రం వైపున్న పలక, కొక్కేలు ఊడదీసి బయటి ముఖానికి బిగించాలి, బయటి జేబును ఈ ముఖానికి తేవాలి. అప్పుడు ఏటవాలు మూల దానంతటదే ముందుకు వస్తుంది. మొదటిసారి కుట్టడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పుడు నాలుగున్నర గంటలుంది, అందులో మొదటి గంట విప్పడానికే పోతుంది.

రెండు వరసల కుట్లు, బ్లేడుతో ఒక్కొక్కటే. బ్లేడు జారితే గుడ్డ పోతుంది. నవతను దారప్పోగులు లాగమని కూర్చోబెట్టింది. రక్తం తీయడానికి నరం వెతికినట్టే నవత ఒక్కొక్క పోగునూ వెతికి లాగింది. ఊర్మిళ ఫోను చేసి, పల్లీ లడ్డూలు స్టీలు డబ్బాలో పెట్టాను, ఈసారి సముద్రంలో దిగుతావా, ఒడ్డునే ఉంటావా అని కింది అంతస్తు వాళ్ళు అడుగుతున్నారు అంది. నవత ఫోను బోర్లా పెట్టింది.

తాజుద్దీన్ రివిట్ల తలలు ఆకురాయితో అరగదీసి ఒక్కొక్కటే ఊడగొట్టాడు. ఆరూ ఊడేసరికి మూడు దాటింది. ఖాళీ ముఖం మీద ఆరు చిల్లులు మిగిలాయి. జేబును తెచ్చి పెడితే దాని కింద నాలుగు మూతపడ్డాయి, పైన రెండు మిగిలాయి. వానొస్తే అక్కణ్ణుంచే నీళ్ళు దిగుతాయి. అతుకు వేయడానికి పసుపు గుడ్డ లేదు. ఆమె బల్ల కింది పెట్టెలో వెతికి మిలిటరీ ఆకుపచ్చ కాన్వాసు ముక్క ఒకటి తీసింది. దాన్ని చిల్లుల మీద పెట్టి కాసేపు చూసింది. పసుపు మీద ఆకుపచ్చ అతుకు గల్లీ చివర నుంచి కూడా కనిపిస్తుంది. జత చెడుతుంది. అయినా మిషను కింద పెట్టి తొక్కింది.

సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వచ్చేసరికి పలక బిగిసింది, కొక్కేలు బిగిశాయి. అంచు కుట్టు మిగిలింది. గుడ్డ, పలక, నవారు, మళ్ళీ గుడ్డ. అంత మందంలో మిషను ఏడుస్తూ నడిచింది. ఇంకో జానెడు ఉందనగా సూది పటుక్కున విరిగి సగం లోపలే ఉండిపోయింది. ఆ లావు సూది అదొక్కటే. తెప్పించాలంటే మోండా మార్కెట్ దాకా పోయి రావాలి. గోడ గడియారంలో ఐదు దాటి పది నిమిషాలైంది.

నవత, ఇక చాలు ఖాలా, నేను ఫోను చేసి రానని చెప్పేస్తా అంది.

అక్బర్ బీ పళ్ళతో దారం కొరికింది. దబ్బనానికి దారం ఎక్కించింది. మిగిలిన జానెడునూ చేత్తో, ఒక్కొక్క పోటు బరువంతా మోపి పొడుస్తూ, తాజుద్దీన్ పట్టకారుతో అటునుంచి లాగుతుండగా కుట్టింది. చివరి ముడి వేశాక అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని రెండు బ్యాగులూ తడిమింది. చేతి కుట్ల దగ్గర బొటనవేలు ఆగింది. కళ్ళు తెరిచి బుర్ఖా వేసుకుంది.

గల్లీలో ఎడమ బ్యాగును సైకిలుకు తగిలించి, మడమ దగ్గర తన రెండు వేళ్ళు పెట్టి చూసి, మళ్ళీ విప్పి చంకన పెట్టుకుంది. దాన్ని తానే తీసుకుని వస్తానంది. వాపస్ వచ్చిన సామాను సరిగ్గా చేరిందో లేదో చూడాలి కదా.

నవత కుడి బ్యాగు ఒక్కటే తగిలించుకుని ఇంటికెళ్ళి, సామాను తీసుకుని గ్రౌండుకు పరుగెత్తింది. అక్బర్ బీ ఎడమ బ్యాగును ఒళ్ళో పెట్టుకుని, పక్కన తాజుద్దీన్‌తో ఆటోలో బయల్దేరింది. దారిలో ఆయన ఒకే ఒక్కసారి, రెండు కుడికాళ్ళు అని గొణుక్కుని, ఆమె చూసిన చూపుకు బయట బస్సుల నంబర్లు చదవడంలో పడ్డాడు.

ఆరింటికి రెండు నిమిషాలు తక్కువగా చేరారు. పదమూడు సైకిళ్ళు వరసలో ఉన్నాయి. డేవిడ్ రాజు తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా, మెరిసే నల్లబూట్లతో ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు. బెల్లు మోగలేదని ఒకాయన్ని పక్కకు నిలబెట్టాడు. వరస చివర నవత బ్యాగులు నింపి, మూతులు చుట్టి, బకిళ్ళు వేసి నిలబడేసరికి ఆయన ఆమె ముందుకు వచ్చేశాడు.

తాడు లేదన్న సంగతి ఆయన మొదట చూశాడు. తర్వాత సైకిలెక్కి పెడల్ వెనక్కి తిప్పమన్నాడు. కుడి మడమ దగ్గర బ్యాగుకూ బూటుకూ మధ్య రెండు వేళ్ళు పెట్టాడు, దూరాయి. ఎడమవైపు వంగాడు. ఒక వేలు దూరింది, రెండోది దూరలేదు.

“అమ్మా నవతా, రెండు వేళ్ళ గ్యాప్ ఉండాలి. లేకపోతే ఎక్కడో ఒకచోట పడతావు. నిన్ను ఎత్తడానికి మేము ఆగాలి.”

 ఖాళీగా ఉన్నప్పుడు రెండు వేళ్ళూ దూరాయి, గల్లీలో అక్బర్ బీ తన వేళ్ళతోనే చూసింది. అక్బర్ బీ ముందుకు వచ్చి బ్యాగు ఏటవాలు మూల మీద చేయి వేసింది. లోపలేదో గుండ్రంగా, గట్టిగా తగిలింది. ఊర్మిళగారి లడ్డూల డబ్బా. అది మూలలోకి జారి గుడ్డను ఉబ్బిస్తోంది.

“ఐదు నిమిషాలు ఆగుండ్రి సార్, సర్దుడు తెల్వక చేసింది,” అంది అక్బర్ బీ.

డేవిడ్ రాజు గడియారం చూసి, రెండు అన్నాడు.

ఆమె పద్నాలుగు మంది ముందు బ్యాగు మూతి విప్పింది. నవత గబగబా నింపిన బ్యాగులో పైన ఏముంటాయో అవే ఉన్నాయి, నలుగురిలో చూపించేవి కావు. అక్బర్ బీ వెంటనే బుర్ఖా అంచును రెక్కలా చాచి అడ్డం పెట్టింది. తాజుద్దీన్ ఏమీ చెప్పకుండానే అటు తిరిగి, సికింద్రాబాద్‌లో ఈ ఏడు ఎండలెలా ఉన్నాయో పక్కనున్న సైకిలు మనిషిని అడగడం మొదలుపెట్టాడు. నవత ఆకాశం వైపు చూసింది. ముప్పై ఐదేళ్ళు ఇతరుల హోల్డాళ్ళు సర్ది చూపించిన చేతులు మెత్తని బట్టలన్నిటినీ ముందు మూలలోకి, డబ్బాను వెనక మూలలోకి, నిద్రసంచిని పలకకు ఆనించి దోపాయి. మూతి చుట్టి బకిల్ వేసేసరికి నిమిషమున్నర అయింది.

డేవిడ్ రాజు మళ్ళీ వంగాడు. ఒక వేలు దూరింది. రెండోది కూడా దూరింది. నమ్మకం కుదరక, గ్రౌండు గోడ పక్కనే ఆ చివరిదాకా వెళ్ళి రమ్మన్నాడు. నవత వెళ్ళింది. అక్బర్ బీ కళ్ళు మూసుకుంది. చప్పుడు కోసం వింటోంది. వెళ్ళేటప్పుడు వినిపించలేదు. వచ్చేటప్పుడు కూడా గొలుసు తిరిగే సన్నని మోత తప్ప ఏమీ లేదు. నవత సైకిలు ఆపి ఎడమకాలు కింద పెట్టింది. బూటు కాలికే ఉంది.

డేవిడ్ రాజు కాగితంలో ఆమె పేరు పక్కన టిక్కు పెట్టి, రేపు ఐదింటికి అన్నాడు. నవత తల ఊపింది. ఆయన ముందుకు కదలబోయి ఆగాడు. మూడు అడుగులు వెనక్కి వేసి, సైకిలును వెనక నుంచి చూశాడు. కుడి బ్యాగు పసుపు. ఎడమ బ్యాగు మీద ఆకుపచ్చ అతుకు, అంచున జానెడు చేతికుట్టు.

“అంతా బాగుంది గానీ, రెండు బ్యాగులూ ఒకేలా లేవేమిటమ్మా?” అన్నాడు కుట్టిన మనిషి వైపు తిరిగి.

అక్బర్ బీ తల వంచి, తళతళలాడే ఆయన కాళ్ళ వైపు చూసింది.

“మీ బూట్లు రెండు ఒక్కతీరుగున్నయా సార్?”